ముల్కీ యెవరు?

‘ముల్కీ’ యను మాట హైదరాబాదులో నెరసిన వారికెవ్వరికిని క్రొత్తది కాదు. ముల్కు అనగా దేశము; ముల్కీ యనగా దేశీయుడు; కానివాడు గైరుముల్కీ. ఈ రెండు మాటలకొరకు ఈ నగరమున ఊరేగింపులు నడచినవి, మంత్రివర్గములు కదలినవి, పిల్లల ప్రాణములు పోయినవి. ముల్కీ నిబంధనలు 1973లో చట్టముచేత రద్దయినను ఆ ప్రశ్న మాత్రము రద్దు కాలేదు. అది పాతనగరపు కచ్చేరీలను విడిచి మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల గాజుమేడల నీడకు వచ్చి నిలిచినది. ఎవరు మనవారు, ఎవరు పైవారు అని హైటెక్ సిటీ ప్రాంతమున ఎవరో ఒకరు అడుగుచునే యున్నారు. ఆ విషయమై నాకు తోచిన నాలుగు మాటలు పాఠకులకు మనవి చేయుదును.

నేను తెలుగు పండితుడనై పనిచేసి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. 1991 నుండి చందానగరమున నివసించుచున్నాను. నా తండ్రి పాలమూరు జిల్లా మన్నుపని కూలీ. నా కుమారుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఇంజనీరు. నడుమ నేనొక్కడనే సర్కారు జీతము కుదిరి యొకచోట నిలిచితిని. మూడు తరములలో ఇద్దరు పరాయి గడ్డలపై చెమటోడ్చిన యింటివాడను గనుక ఈ విషయము నాకు పత్రికలలోని వాదము మాత్రమే కాదు.

మొదట మన నగరపు జాతకము చూతము. 1591లో దీనిని నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్ షా వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరానుదేశపు హమదాను ప్రాంతమువాడు. నగరనిర్మాణమును నడపిన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదువాడు. యెమెనుదేశపు హద్రమౌతునుండి నిజాముగారి సైన్యమున చేరవచ్చిన అరబ్బుల బారకాసులే నేటి బార్కాస్ పేట. ఆఫ్రికా ఖండమునుండి వచ్చిన ఆశ్వికభటుల పేరు ఏ.సీ. గార్డ్సు అను పేట పేరులో నేటికిని బ్రతికియున్నది. నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయమున తొలి ప్రిన్సిపాలు వంగదేశీయుడగు అఘోరనాథ చటోపాధ్యాయులు. వారి కూతురే 1879లో హైదరాబాదున జన్మించిన సరోజినీదేవి. ఇంతటి పండితుడును చాందా రైలుమార్గపు వ్యవహారమున సర్కారును ప్రశ్నించినందుకు 1883లో నగరమునుండి వెడలగొట్టబడెను. పైనుండి వచ్చినవాడు పనిచేసినంతకాలము ప్రియుడు. నోరు విప్పిననాడు పరాయివాడు. ఈ రీతి మనకు చాల పాతది.

అట్లని స్థానికుల ఫిర్యాదు ఉత్తమాటయని నేననను. మొదటి సాలార్‌జంగు కాలమునుండి ఉత్తరహిందూస్థానపు విద్యావంతులను రప్పించి కచ్చేరీలు నింపిరి. వారిలో సమర్థు లనేకులు. కాని ఈ గడ్డ బిడ్డలకు బడులు పెట్టుటకంటె బయటివారిని తెచ్చుట పాలకులకు సుళువైనది. పన్ను కట్టువాడు తెలుగు రైతు; ఆ పన్ను కాగితము వ్రాయువాడు మరియొక దేశమువాడు; ఆ కాగితపు భాష రైతునకు తెలియనిది. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు కర్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తన యూరిలో తన భాష మాటలాడి నవ్వులపాలైన జాతి మనది. ‘మా కొలువులు మాకు’ అని అట్టి జాతి కోరుట తప్పెట్లగును? 1952లో విద్యార్థులు వీథిలోనికి వచ్చినపుడును, 1969లో తెలంగాణమంతయు భగ్గుమన్నపుడును తుపాకిగుండ్లకు బలియైనవారి గోడు ఈ యన్యాయమునుండి పుట్టినదే.

అయితే ముల్కీ నిబంధనలలో ఒక విశేషము కలదు. దానిని మనవారు తరచుగా మరతురు. 1919 నాటి ఫర్మానా ప్రకారము హైదరాబాదు రాజ్యమున పుట్టినవాడు మాత్రమే ముల్కీ కాడు. 15 సంవత్సరములు ఇచ్చట స్థిరముగా నివసించి, స్వస్థలమునకు తిరిగిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్ర మిచ్చినవాడును ముల్కీయే. అనగా ఆ గోడకు ఒక తలుపు ఉండెను. తలుపుమీద గడువు వ్రాసియుండెను. గడువు తీరినపిదప నిన్నటి పరాయివాడు నేటి మనవాడు. నిరంకుశ ప్రభువు చేసిన నిబంధనలో ఉన్న యీ పాటి విచక్షణ మన ప్రజాస్వామ్యపు వీథిమాటలలో లేకపోవుట విచారకరము. ‘ఎప్పుడు వచ్చితివి?’ అని మనము అడుగుదుము, ‘ఎప్పటికి మావాడవగుదువు?’ అని ఎవ్వరును చెప్పరు.

మరియొక పొరపాటు మన మాటలోనే యున్నది. గైరుముల్కీ యను నొకే పేరున రెండు తెగలవారిని కట్టివేసితిమి. కుర్చీకొరకు వచ్చువాడొకడు, తట్టకొరకు వచ్చువాడొకడు. మొదటివాడు వచ్చినపుడు స్థానికుని చోటు పోవచ్చును. వానిని గూర్చి నిబంధన కావలెను. రెండవవాడు మనము ఎత్తనొల్లని తట్టను ఎత్తుటకు వచ్చును. మొదటివానిపై గల కోపమును రెండవవానిపై తీర్చుకొనుట మన యలవాటు. కుర్చీవానికి చట్టము తెలియును, స్నేహితులు కలరు, బంగళా కలదు. తట్టవాడు అందుబాటులో నున్నాడు, కసరుటకు సులభుడు.

ఇక హైటెక్ సిటీ కథ. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. అంతకుముందు మాదాపూరు రాతిగుట్టల నడుమ ఒదిగిన పల్లె. దాని ప్రక్కన గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గంచెరువు. పాతికేండ్లలో ఆ గుట్టలు పగిలి మేడలైనవి. రాష్ట్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2013-14లో తెలంగాణమునుండి జరిగిన సాఫ్టువేరు ఎగుమతుల విలువ 57,258 కోట్ల రూపాయలు; 2022-23లో 2,41,275 కోట్లు. ఆ రంగమున ఉద్యోగులు 3,23,396 మందినుండి 9,05,715 మందికి పెరిగిరి. వీరిలో గుంటూరువా రున్నారు, భీమవరమువా రున్నారు, కరీంనగరమువా రున్నారు. తమిళులు, కన్నడిగులు, వంగీయులు, మరాఠీలు, పంజాబీలు ఉన్నారు. ఇంతమంది రాకుండినచో ఈ ధనము రాకుండెడిది. ఇది ఎవ్వరును కాదనలేరు.

కాని ఆ లెక్కలో చేరనివారిని గూర్చి అడుగుచున్నాను. మేడకు సెంట్రింగు కట్టినవాడు, ఇనుపచువ్వ వంచినవాడు, ఇరువదియవ అంతస్తున త్రాటికి వ్రేలాడి అద్దము బిగించినవాడు, పుట్టీ పూసినవాడు, టైల్సు పరచినవాడు, రాత్రి గేటువద్ద కావలి కూర్చున్నవాడు, ఉద్యోగులుండు హాస్టళ్లలో రొట్టెలు కాల్చువాడు — వీరు బీహారు, ఝార్ఖండు, ఒడిశా, పశ్చిమబెంగాలు, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశములనుండి వచ్చినవారు. మన పాలమూరువారును వారిలో నున్నారు. ఎగుమతుల పట్టికలో వీరి చెమటకు గడి లేదు.

ఐశ్వర్యమును గూర్చి మాటలాడువారు ఒక్క సంగతి ఆలోచింపవలెను. ఇరువదియేండ్ల యువకుడు రైలు దిగి లింగంపల్లి స్టేషనులో అడుగుపెట్టినపుడు వాడు వట్టిచేతులతో రాలేదు. ఇరువదియేండ్లు వానికి అన్నము పెట్టి, జ్వరమువచ్చిన మందు త్రాగించి, నడక నేర్పి, పని నేర్పిన ఖర్చు ఒకానొక ఒడిశా పల్లెలోని తల్లిది. ఆ ఖర్చులో మన నగరము ఒక్క పైసయు పెట్టలేదు. ఎదిగిన మనిషిని ఉచితముగా పుచ్చుకొన్నది. వాని బలమున్న నలువదియేండ్లు వాడుకొని ముసలితనమును తిరిగి ఆ పల్లెకే పంపుచున్నది. ఇంత లాభసాటి బేరము ఏ వర్తకుడును ఎరుగడు. ఇందుకు బదులుగా ఆ పల్లెకు మనము ఏమి ఋణపడియున్నామో యెన్నడైన లెక్కవేసితిమా?

2020 వేసవి ఈ లెక్కను అందరి కన్నులయెదుట పెట్టినది. మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొనగా పనులు నిలిచినవి, కూలి నిలిచినది. తెలంగాణ ప్రభుత్వము వలసకూలీలు రాష్ట్రాభివృద్ధిలో భాగస్వాములని చెప్పి తలకు 12 కిలోల బియ్యమును 500 రూపాయలను ఇచ్చుటకు పూనుకొన్నది. ఆ మాటయు ఆ బియ్యమును మెచ్చదగినవే. అయినను ఏప్రిలు 29న సంగారెడ్డి జిల్లా కందిలో కట్టడపు కూలీలు జీతములు కావలెనని, ఇండ్లకు పంపుమని తిరుగబడిరి. మే 1న, శ్రామికుల దినమున, తెల్లవారక మునుపే లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు ఒక రైలు కదలినది. దాదాపు 1,200 మంది కూలీలతో కదలిన ఆ బండియే దేశములో తొలి శ్రామిక ప్రత్యేక రైలు. ఆ స్టేషను మా యింటికి కూతవేటు దూరము. ఈ నగరమును కట్టినవారు కష్టకాలమున ఈ నగరముపై నమ్మకము లేక వెడలిపోయిరని నేను ఆనాడు బాధపడితిని. బియ్యము దొరకినను వారేల నిలువలేదు? ఇల్లని చెప్పుకొనుటకు ఇచ్చట వారికేమియు లేదు గనుక.

మా భవనసముదాయపు సంఘములో జరిగిన యొక ముచ్చట చెప్పెదను. మా ప్రక్క ఖాళీస్థలమున మేడ లేచుచుండగా కూలీల కుటుంబములు రేకులషెడ్లలో దిగినవి. వారి ఆడవారు మా గేటువద్ద కుళాయినుండి బిందెలతో నీరు పట్టుకొనుచుండిరి. పిల్లలు మా తోటలోని ఉయ్యాలవద్దకు వచ్చుచుండిరి. ఇది మాన్పవలెనని సమావేశమున ప్రతిపాదన వచ్చెను. ప్రతిపాదించినవారు కోస్తాజిల్లాలనుండి వచ్చిన పెద్దమనిషి. తమ్ము ‘సెట్లరు’ అని పిలుతురని నాతో పలుమారులు బాధపడినవారు. బలపరచినవారు మరియొక పెద్దమనిషి. తెలంగాణ యుద్యమమున జైలుకేగి, తన గడ్డపై తనకు గౌరవము లేకపోయెనని కన్నీరుపెట్టుకొన్నవారు. ఇరువదియేండ్లుగా ఏ విషయమునను కలియని యీ యిద్దరును బిందెల విషయమున ఏకమైరి!

నేను లేచి, “అన్నగారూ, మనలో ఈ చందానగరమున పుట్టినవారెవరో చేయెత్తుడు” అంటిని. ముప్పదిమందిలో ఒక్కరే చేయెత్తిరి. ఆమె మా వీథిలో కూరగాయల దుకాణము నడపు అవ్వ మనుమరాలు. ఆ అమ్మాయి, “నీళ్లు పోనీయండి తాతా, మా అవ్వ ఎవరికీ లేదనలేదు” అనెను. ఎట్టకేలకు ఉదయము ఎనిమిది గంటలవరకు కుళాయి విడువవచ్చునని తీర్మానమయ్యెను. ఉయ్యాల మాత్రము దొరకలేదు. ఇది చిన్న విషయమని పాఠకులు నవ్వవచ్చును. ఒక దేశమున క్రొత్తవారు కలియుటయు కలియకపోవుటయు కుళాయివద్దను, ఉయ్యాలవద్దను, బడి గుమ్మమువద్దను నిర్ణయమగును; మిగిలినదంతయు దాని వ్యాఖ్యానము.

బడి సంగతియు వినుడు. ఆ షెడ్లలో ఒడిశాలోని బలాంగీరు జిల్లానుండి వచ్చిన తాపీమేస్త్రీ కుటుంబ మొకటి. వానికి తొమ్మిదేండ్ల కూతురు. ఆ బాలికను బడిలో చేర్పించుటకు నేను వెంటబోతిని. టి.సి. ఏది, నివాసపు కాగితమేది అని అడిగిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము టి.సి. లేదని చేర్చుకొనకుండరాదని నేను మూడుమారులు తిరిగి చెప్పవలసివచ్చెను. చేర్చుకొనిరి. ఆ పిల్ల నాలుగునెలలలో గుణింతములు వ్రాసెను. ఆరునెలలలో తోడిపిల్లలతో తెలుగున పోట్లాడసాగెను. భాష వచ్చినదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? కాని ఫాల్గుణమాసమునకు స్లాబులు ముగిసినవి. మేస్త్రీని కొల్లూరువైపు మరియొక కట్టడమునకు పంపిరి. ఆ యేడు ముగియకముందే బాలిక బడి విడిచెను. తండ్రి నాతో, “సారూ, మాకు ఊరు లేదు. సైటు ఉంది” అనెను. పదునైదేండ్లు ఒకచోట నిలిచినవాడు ముల్కీయగునన్న పాతనిబంధనయే నేడుండినను వీనికి లెక్క మొదలే కాదు. ఆరునెలలకొకమారు వాని గడియారమును మరల సున్నకు త్రిప్పుచున్నాము.

ఈ పద్ధతి నాకు తెలియనిది కాదు. మా పల్లెకు పెద్దమేస్త్రీ పంటలైన పిదప వచ్చి బయానా పంచెడివాడు. ఆ రొక్కముతో అప్పు తీర్చి, మిగిలినదానితో జొన్నలు కొని, మా తల్లిదండ్రులు లారీయెక్కి బొంబాయి, పూనావైపు కాలువలకును రోడ్లకును పోయెడివారు. నేను నాయనమ్మవద్ద మిగిలెడివాడను. తిరిగివచ్చినపుడు లెక్క చూచినచో బయానా ఇంకను తీరకుండెడిది. ఒడిశాలో నిట్టి పద్ధతినే దాదన్ అందురు. అచ్చట నువాఖాయి పండుగనాటికి సర్దారు బయానా ఇచ్చును. పండుగ వెళ్లినపిదప జనము రైలెక్కును. సర్దారు మారినను, మేస్త్రీ మారినను లెక్క ఒక్కటే. బయానా పుచ్చుకొన్నవాడు కూలిధర అడుగలేడు. అడుగలేని కూలీని చూపి అడుగగల స్థానికుని బెదిరింతురు. ‘నీవు రాకున్న వాడు తక్కువకు వచ్చును’ అందురు. ఇచ్చట స్థానికుని కడుపు మండును. ఆ మంట గుత్తేదారును తాకదు, ప్రక్కనున్న పరాయి కూలీనే తాకును.

ఈ కీలు తెలిసియే 1979లో అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము చేసిరి. ఒకే పనికి స్థానికునికెంతయో వలసవానికిని అంతకు తక్కువ కాని కూలి ఈయవలెనని అందు నియమించిరి. ప్రయాణపు ఖర్చును, వసతిని, వైద్యమును గుత్తేదారుపై పెట్టిరి. ఆ చట్టమును 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో కలిపివేసిరి. ఆ స్మృతి 2025 నవంబరులో అమలునకు వచ్చినది. చట్టము పేరు ఏదైనను సూత్రము గ్రహింపదగినది. వలసవానికి సమానమైన కూలి ఇప్పించుట వానిపై దయ కాదు, స్థానికునికి రక్ష. పరాయివాడు చౌక కానినాడు స్థానికునికి వానివలన భయము లేదు. స్థానికుల మేలు కోరువారు గుమ్మమువద్ద కాపలాకంటె కూలిపట్టీవద్ద కాపలా పెట్టవలెను.

అట్లు చేయనిచో నేమగునో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. బర్మాలో మనవారిని కోరంగీలనిరి. కోరంగి రేవునుండి ఓడయెక్కినవారు గనుక. రంగూను రేవులో బరువులు మోసినది వీరే. 1930 మేలో కూలి పెంచుమని తెలుగు కూలీలు పని మానగా ఓడసరుకుల గుత్తేదారులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. మనవారితో సంధి కుదిరినవెంటనే ఆ బర్మీయులను పొమ్మనిరి. అవమానపడిన బర్మీయులకును మనవారికిని కొట్లాట పుట్టి నగరమంతట ప్రాకినది, పెక్కుమంది మడిసిరి. ఇద్దరు బీదలను ఎదురెదుర నిలిపినవాడు మాత్రము తన మేడలో సుఖముగా నుండెను. 1942లో జపానుసేన రాగా మనవారు కొండలమీదుగా కాలినడకన పరుగెత్తిరి. దారిలో రాలినవా రెందరో. మిగిలినవారిలో అనేకులు 1964 ప్రాంతమున ఆస్తులు విడిచి ఓడలెక్కి వచ్చిరి. రంగూనునకు తెలుగు చేతులు కావలసెను. తెలుగు మనుషులు అక్కరలేకపోయిరి. చేతులను పిలిచి మనుషులను వలదన్న ప్రతిదేశమునకును ఒకనాడు ఈ గతి తప్పదు.

నా కుమారుని మాట చెప్పెదను. ఇచ్చట చదివి 2011లో అమెరికా వెళ్లెను. హెచ్‌-1బి వీసాపై నున్నాడు. స్థిరనివాసపు పత్రములలో ఏ యొక్క దేశమునకును ఏటికి నూటికి ఏడుకు మించరాదను నియమముచేత భారతీయుల వరుస సంవత్సరములు దాటి దశాబ్దములకు సాగుచున్నది. వాని కూతురు అక్కడ పుట్టినందున ఆ దేశపు పౌరురాలు; తల్లిదండ్రులు అతిథులు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రపు ఒలేత పట్టణములో హైదరాబాదునుండి వెళ్లిన యువ ఇంజనీరును ఒకడు పరదేశివని కాల్చి చంపెను. అడ్డుపోయిన మరియొక అమెరికనుడును గాయపడెను. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్‌-1బి అభ్యర్థనలకు లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వెలువడినది. ఇట్టివి జరిగినపుడెల్ల మా వీథివీథియు ఉలికిపడును. ‘మా పిల్లలు ఆ దేశమునకు ఎంత సేవచేసిరి! ఎంత పన్ను కట్టిరి!’ అని సమావేశములు జరుపుదుము. నేనును జరుపుదును, ఆ మాట నిజమే. కాని ఆ సమావేశమునకు కుర్చీలు వేసిన పిల్లవాడు ఏ జిల్లావాడో అడుగువారుండరు. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు, మనము గడప దాటినపిదప గడపలు పెంచుచున్నాము. 2024 జులైలో కర్ణాటకమున పరిశ్రమల కొలువులు స్థానికులకే యను బిల్లును మంత్రివర్గ మామోదించినపుడు బెంగుళూరులోని మన తెలుగువారు వణికిరి. వెల్లువెత్తిన విమర్శలకు దానిని ఆపిరి. 2019లో ఆంధ్రప్రదేశమున నూటికి 75 కొలువులు స్థానికులకని చట్టము చేసినది మాత్రము మనమే.

ఇంత చెప్పి క్రొత్తవారి ధర్మమును విడువరాదు. కలియుట రెండుచేతుల పని. ఇచ్చట పాతికేండ్లు కాపురముండి, ఇల్లు కొని, ‘కొంచెము’ అను మాటకూడ నేర్వని విద్యావంతులను నేనెరుగుదును. వారు కూలీలు కారు. నెలకు లక్షలు పుచ్చుకొనువారు. దక్కనీతోను, ఆంగ్లముతోను పని జరుగుచున్నది గనుక తెలుగు నేర్వనక్కరలేదందురు. 1921లో ఈ నగరమున తెలుగు మాటలాడినవానిని గేలిచేసిన కథ వారికి తెలియదు. తెలిసినచో ఈ జనులకు భాషయెడల గల పుండు ఎంత లోతైనదో గ్రహింతురు. 2018 నాటి చట్టముచే తెలంగాణపు బడులన్నిట తెలుగు బోధింపవలెనన్నారు, అది మంచిదే. పిల్లలతోపాటు పెద్దలును నేర్వవలెను. అన్నము పెట్టిన యూరి భాషలో అవ్వతో బేరమాడగలిగినంత నేర్చుట గొప్ప భారము కాదు. ఆ ఒడియా బాలిక ఆరునెలలలో చేసినపనిని మేనేజరుగారు ఆరేండ్లలో చేయలేరా?

చేయవలసిన పనులు పెద్దవి కావు. వలసవచ్చిన ప్రతి కూలీ పేరును వాడు దిగిన వార్డులోనే ఎక్కించి, కట్టడము మారినను ఆ లెక్క వానివెంట నడచునట్లు చేయవలెను. రేషనుకార్డు ఏ రాష్ట్రమున నైనను చెల్లు పద్ధతి 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశముల నడుమ మొదటగా ప్రారంభమైనది. బియ్యము వెంటనడచినపుడు పేరేల నడువదు? 1996 నాటి చట్టము మొదలుకొని కట్టడపు వెలలో నూటికొక రూపాయి కార్మికుల క్షేమమునకని వసూలు చేయుచున్నారు. ఆ సొమ్ము, ఏడాదిలో 90 దినములు పనిచేసి పేరు నమోదైనవానికే దక్కును. పేరు లేనివాని చెమటతో కూడిన సొమ్ము పేరు లేనివానికే చేరకుండుట న్యాయమా? పెద్ద కట్టడములున్నచోటులందెల్ల బడిగంట వినబడవలెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో చదువు చెప్పవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చిరి. అది బొంబాయిలోని తెలుగు పిల్లలకు వలెనే కోకాపేటలోని ఒడియా పిల్లలకును వర్తించును. మాతృభాషతో మొదలిడి తెలుగులోనికి దింపినచో ఆ పిల్లలు మన బడులకు బరువు కారు.

ముల్కీ యెవరు అను ప్రశ్నకు నా జవాబిది. ఈ నేలపై పనిచేసి, ఈ నేలపై తన పిల్లలను పెంచదలచి, ఈ నేల భాషను నేర్వ పూనుకొన్నవాడు ముల్కీ. తెలుగువాడై పుట్టియు తన ప్రక్కవాని కూలి కోసి, వాని బిడ్డను బడికి దూరము చేసినవానికి ఆ పేరు పుట్టుకవలన దక్కవచ్చును గాని గౌరవము దక్కదు. పాఠకులలో మేడలలో నుండువారు అనేకులుందురు. మీ ప్రక్కస్థలమున రేకులషెడ్డు లేచినపుడు ఒకమారు అచ్చటికి పోయి, వారేయూరివారో, పిల్లలు ఏ తరగతి చదివిరో అడుగుడు. ఆ పిల్లల చేయి పట్టుకొని దగ్గరి బడిదాక నడువుడు. బడివారు కాగితము లడిగినచో 2009 నాటి చట్టము పేరు చెప్పుడు. వినకున్న మరల వెళ్లుడు.